ఆవకాయ జాడీ మీద తడిపంచె

పెరడు పెంచడం చేతకాని మనిషిని నేను మనిషిగా లెక్కపెట్టను. ఈ మాట నలుగురిలో అన్నందుకు తాడేపల్లిగూడెంలో ఒకాయనకు నా మీద ఇప్పటికీ కోపం. ఆయన నా తోడల్లుడు, మా ఆవిడ అక్కగారి మొగుడు. వరసకు పెద్దవాడు కనుక ఎదురుపడితే ‘అన్నగారూ’ అంటాను. కాగితం మీద అంత మర్యాద అక్కర్లేదు. రైసుమిల్లులో గుమాస్తా. పొద్దస్తమానం ధాన్యం బస్తాల మధ్య కూర్చుంటాడు కనుక వ్యవసాయమంతా తనకు తెలుసుననుకుంటాడు. చాకిరేవులో బండకు ఈత వచ్చునని ఎవరైనా చెబితే నమ్ముతామా? ఈయన విషయంలో మాత్రం గూడెంలో చాలామంది నమ్మారు. గూడెం వాళ్ళ సంగతి తరవాత ఎప్పుడైనా తీరిగ్గా తిడతాను.

మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున. మా నేల సంగతి చెబితే పట్నం వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఎండాకాలం కొల్లేరు వెనక్కి తగ్గినప్పుడు అడుగున నల్లటి ఒండ్రు తేలుతుంది. దాన్ని బండ్ల మీద తోలించి, పేడా కుళ్ళిన నాచూ కలిపి పెరట్లో పరిస్తే చాలు. మా నాన్నగారు ఒకసారి భోజనానికి లోపలికి వెడుతూ చేతికర్రను పెరట్లో గుచ్చి వెళ్ళారు. మజ్జిగన్నం ముగించి బయటికి వచ్చేసరికి దానికి చిగురు వేసింది. పచ్చని మొక్కను పీకడం పాపమని ఆయన అప్పటినుంచీ కర్ర లేకుండానే నడిచారు. ఇంకో ఏడు మా బీరపాదు గోడ దాటి, చేలకు అడ్డంపడి, స్టేషనుకు పోయి రైలుపెట్టెకు చుట్టుకుంది. గుడివాడలో టిక్కెట్టు కలెక్టరు కాయలు కోసుకుని కూర వండించుకున్నాడు. టిక్కెట్టు లేని ప్రయాణమని పాదును మాత్రం ఏమీ అనలేదు. ఇవేవీ మా అన్నగారు నమ్మడు. నమ్మకపోవడమే తెలివి అనుకుంటాడు.

అసలు సంగతి దెందులూరులో మొదలయింది. మా అత్తగారి ఊరు అది. మామగారు పోయాక ఇల్లూ పెరడూ ఆవిడే చూసుకునేవారు. మగపిల్లలు లేరు, ఇద్దరు ఆడపిల్లలే. పెరట్లో ఒక మామిడిచెట్టు. పండితే ఎందుకూ పనికిరాదు, పచ్చికాయ మాత్రం ఆవకాయకు పెట్టింది పేరు. గట్టి టెంక, బిగిసిన కండ, ఒక్కటి కొరికితే చెవులు మూతపడే పులుపు. దెందులూరు కాకులు ఆ కాయను పొడిచి, కొల్లేటి దాకా ఎగిరివచ్చి, నీళ్ళు తాగి పోవడం నేను కళ్ళారా చూశాను. ఆ కాయతో పెట్టిన ఆవకాయ మళ్ళీ కొత్తకాయ వచ్చేదాకా ముక్క మెత్తబడేది కాదు.

ఏటా కార్తీకమాసంలో అత్తగారు కూతుళ్ళనూ అల్లుళ్ళనూ భోజనానికి పిలిచేవారు. ఆవిడ పాతకాలపు మనిషి. అల్లుళ్ళ ఎదుట పడరు. వంటింటి తలుపు చాటున నిలబడి, మాతో చెప్పదలుచుకున్నది కూతుళ్ళతో చెబుతారు. మాకు వినపడుతుంది. మేము కూడా తలుపుకేసి చూసి జవాబు చెబుతాం. ఆ లెక్కన నా జీవితంలో నేను ఎక్కువ గౌరవించి మాట్లాడింది ఆ తలుపు రెక్కతోనే.

ఆ కార్తీకంలో పప్పూ కూరా అయ్యాక మా అన్నగారు తలుపుకేసి తిరిగి గొంతు సవరించుకున్నాడు.

“చెట్టు ముసలిదైపోయిందండీ. పోయినేటి కాయ మా ఇంట్లో వానలు తగ్గకుండానే బూజు పట్టింది. నిలవుండని కాయకు చెట్టెందుకండీ? కొట్టించేసి ఆ చోట షెడ్డు వేస్తే వడ్లాడే హల్లరు పెట్టుకోవచ్చు. ఊరా, రోడ్డు పక్క ఊరు. వడ్ల బళ్ళు బారులు తీరతాయండీ.”

“అన్నగారూ, హల్లరు శబ్దం వినకుండా మీకు అన్నం సయించడం లేదేమో. గూడెంలో మీ పడకగదిలో పెట్టుకోకూడదూ?” అన్నాను.

“నీ వేళాకోళాలు కొల్లేట్లో పెట్టుకో తమ్ముడూ. పెద్దవాళ్ళతో మాట్లాడుతున్నాను.”

నెయ్యి వడ్డిస్తున్న మా ఆవిడ చెయ్యి నా విస్తరి మీదే ఆగిపోయింది. ఆవిడ ఆ చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో పెరిగిన మనిషి. అన్నగారి మాట వినే నెయ్యి అలా పోసేసిందని తెలిసినా, నేను అడ్డు చెప్పలేదు. నెయ్యి ఎవరికి చేదు?

తలుపు చాటునుంచి మాట వచ్చింది. “అమ్మాయ్, బావగారికి చెప్పు. ఈసారి కాయ కోశాక రెండిళ్ళకూ సమంగా పంచుతాను. ఎవరి పెరటి కారంతో వాళ్ళు ఆవకాయ పెట్టుకోండి. పైయేడు కార్తీకానికి రెండు జాడీలూ ఇక్కడికి తెండి. కాయ నిలిస్తే చెట్టు నిలుస్తుంది. బూజు పడితే ఆయన ఇష్టప్రకారం కొట్టించుకోమను.”

తిరుగు ప్రయాణంలో దోనె మీద కొల్లేరు దాటుతున్నాం. మా ఆవిడ, “ఏవండీ, ఆ చెట్టు కొట్టేస్తే నేనింక ఆ ఊరు వెళ్ళనండీ,” అంది. ఆ మాట తరవాత నేను కథలు చెప్పినా నవ్వలేదు. దోనె తోసేవాడు నవ్వాడు కాని వాడి నవ్వు నాకెందుకు?

ఇంటికి వచ్చిన మర్నాటినుంచీ పెరటి పని. నారుమడిలోంచి మిరప మొక్కలు తీసి ఒండ్రుమట్టిలో నాటాం. గట్టు పొడుగునా ఆవాలు చల్లాం. వరి కోసిన చేలో ఒక చెక్కకు నువ్వులు చల్లించాను. చలికాలం ఎండ ఉన్నన్నాళ్ళూ మా అరుగూ, డాబా, మంచాలూ ఏవీ ఖాళీ లేవు. బూడిదగుమ్మడి వడియాలు ఒక పక్క, చిక్కుడు ఒరుగులు ఒక పక్క. నాకు కూర్చోడానికి చోటు దొరక్క వీధిలో నిలబడి కబుర్లు చెప్పేవాణ్ణి. పండిన మిరపకాయలు కొన్ని చింతపండుతో దంచి కొరివికారం పెట్టింది మా ఆవిడ. మిగిలినవి ఎండబెట్టింది. ఆ మిరపకాయ ఘాటు ఎంతటిదంటే, ఎండబెట్టిన చాప పక్కనుంచి నడిచిన కోడి ఒకటి, కొక్కొరోకో అనబోయి తుమ్మింది.

మాఘమాసంలో పనిపడి గూడెం వెళ్ళాను. అన్నగారి పెరడు చూడకుండా ఎలా వస్తాను? మార్కెట్లో ఎవరో సీమ ఎరువని బస్తాలో తెల్లపొడి అంటగట్టారు. కొల్లేటి మట్టి మహిమ నమ్మని మనిషి ఆ పొడి మొక్కకు తల్లిపాలని చెప్పగానే నమ్మాడు. చిటికెడు వేయమంటే చారెడు వేశాడు. పంచదార వేసినకొద్దీ పాయసం బాగుంటుందనుకునే రకం. మిరప మొక్కలు నా భుజం ఎత్తున ఉన్నాయి. ఆకు తమలపాకంత. నల్లగా, నిగనిగలాడుతూ, కళ్యాణమంటపంలో అరిటిచెట్లలా నిలబడ్డాయి. కాయ ఒక్కటి లేదు.

“కాయలేవండీ అన్నగారూ?”

“తొందరెందుకు? ముందు ఒళ్ళు చేసుకోవాలిగా.”

“మీరు కూడా ఒళ్ళు బాగానే చేశారండీ. కాపే ఇంకా...”

“భోజనానికి లే,” అన్నాడు.

వదినగారు నాకు కాళ్ళకు నీళ్ళిస్తూ మెల్లిగా, “బజారు మిరపకాయలే దంపిస్తున్నాం మరిదిగారూ. నేను చెప్పానని అనకండేం,” అంది. అనలేదు. ఇప్పుడు మాత్రం అచ్చువేయిస్తున్నాను.

ఆ భోజనం సంగతి చెప్పాలి. మా అన్నగారికి మడి పిచ్చి. మడి అందరికీ ఉంది, మా ఇంట్లోనూ ఉంది. ఉతికి ఆరేసిన బట్టను ఎవరూ ముట్టుకోకుండా తెచ్చి కట్టుకుంటాం. ఈయనకు అది చాలదు. ఆరే లోపల బట్టమీద ఏ కాకి నీడ పడిందో ఎవరు చూశారంటాడు. కనుక నూతి దగ్గర కట్టుపంచెతోనే నీళ్ళు పోసుకుని, పిండకుండా, ఆ తడిపంచెతోనే వంటింట్లోకి వస్తాడు. ఆయన నడిచిన దారిలో బాతులు ఈదవచ్చు. ఊరగాయ జాడీ పెళ్ళాన్ని కూడా ముట్టుకోనివ్వడు. తనే మూతికి కట్టిన వాసెనగుడ్డ విప్పి, తనే వంగి, తనే గరిటె పెట్టి తీస్తాడు. ఆ రోజు కూడా అలాగే తీశాడు. ‘దేవుడికి ఇంతకంటే పని లేదా, ఈయన పంచె తడుపూ పొడీ చూడటానికి’ అనుకుని నాలో నేను నవ్వుకున్నాను. అంతకంటే ముందుకు నా ఆలోచన పోలేదు.

ఎండలు ముదిరాయి. దెందులూరులో కాయ కోతకు వచ్చింది. కాయ నేల తగిలితే దెబ్బ తిన్నచోట ఊరగాయ చెడుతుంది కనుక గెడకు కట్టిన చిక్కంతో ఒక్కొక్కటీ దింపించారు అత్తగారు. రెండు వాటాలూ ఆవిడే పంచారు. మా వాటా గడ్డిలో పేర్చుకుని దోనెలో తెచ్చుకున్నాం.

ఆవకాయ పెట్టేరోజు మా ఆవిడ నన్ను వంటింట్లోకి రానివ్వలేదు.

“మీరు వీధిలో ఉండండి. మాట్లాడితే తుంపర్లు పడతాయి. మీరు మాట్లాడకుండా ఉండలేరు.”

“కాయలు నేను తెచ్చాను!”

“తెచ్చారు. వెళ్ళండి.”

కాయలను నీళ్ళలో వేసి తీసి, పొడిగుడ్డతో ఒక్కొక్కదాన్ని తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, జీడి తీసి, ప్రతి ముక్కనూ మళ్ళీ తుడిచింది. ఉప్పు ఎండలో పోసి దంచింది. మా ఆవాలు విసురుతుంటే వీధి వీధంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ దారిన పల్లకీలో పోతున్న పెళ్ళికొడుకు కూడా ఏడ్చాడు. వాళ్ళ వాళ్ళు అపశకునమని ముహూర్తం మార్చుకున్నారు; ఆ పెళ్ళికూతురు నన్ను ఇప్పటికీ తిట్టుకుంటుందని విన్నాను. మా నువ్వులే గానుగ ఆడించిన నూనె పోసి, జాడీ నింపి, మూడోనాడు తిరగగలిపి, మూతిమీద గుడ్డతో వాసెన కట్టి అటక మీదికి ఎక్కించింది.

ఆ ఏడు వానలు మామూలు వానలు కావు. బుడమేరూ తమ్మిలేరూ కూడబలుక్కుని వచ్చి పడ్డాయి. కొల్లేరు తన చోటు చాలక మా పెరట్లోకి వచ్చింది. చిక్కుడుపందిరి కింద చేపలు తిరిగాయి. ఒకనాడు పొద్దున్నే కొర్రమీను ఒకటి వీధి తలుపు గొళ్ళెం తీసి లోపలికి వచ్చి, నన్ను చూసి, అడ్రసు తప్పినట్టు వెనక్కి వెళ్ళిపోయింది. నవ్వకండి. దాని మర్యాద చాలామంది చుట్టాలకు లేదు.

మా ఇంటి అరుగులు ఎత్తు. లంకల్లో ఇళ్ళు మునిగినవాళ్ళూ, మా వీధిలో పల్లపు ఇళ్ళవాళ్ళూ పిల్లాజెల్లాతో మా అరుగులమీదా సావిట్లోనూ చేరారు. బియ్యం ఉన్నాయి. కూర ఎక్కడిది? పెరళ్ళన్నీ నీళ్ళకింద ఉన్నాయి. ముందు వడియాలు అయిపోయాయి, తరవాత ఒరుగులు, తరవాత కొరివికారం. మా ఆవిడ అటకకేసి చూసింది.

“అది కార్తీకానికే,” అన్నాను.

“అవునండీ,” అంటూనే నిచ్చెన వేసింది.

ఆ ముసురులో బట్ట ఆరదు. కుంపట్లో నిప్పులు వేసి, దానిమీద బుట్ట బోర్లించి, ఆ బుట్టమీద చీర పరిచి, ఆరాక కట్టుకునేది. గరిటె కూడా నిప్పు సెగకు చూపించి కాని జాడీలో పెట్టేది కాదు. అందరికీ తనే వడ్డించేది. నీళ్ళు తీయడానికి చాలా రోజులు పట్టింది. జాడీ లోపల గరిటె శబ్దం రోజురోజుకీ కిందనుంచి వినపడసాగింది.

“కార్తీకానికి మీ అమ్మకు ఏం చూపిస్తావే?” అన్నాను ఉండబట్టలేక.

“కంచం ముందు కూర్చున్న పిల్లలకు కార్తీకం దాకా ఆగమని మీరు చెప్పండి. మీకు కథలు వచ్చుగా.”

పిల్లల కంచాల పక్కన మంచినీళ్ళు పెట్టాను. తింటున్నవాళ్ళలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఇంటి చుట్టూ నీళ్ళు, ఒంటిమీద నా కండువా, కంచంలో నా బియ్యం, నోట్లో నా ఆవకాయ. ఆ నోటితోనే, “అంతా బాగానే ఉంది కానండీ, ఉప్పు ఒక్క పిసరు ఎక్కువైంది,” అన్నాడు. అప్పటినుంచీ ఉపకారం పొందినవాడి మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కార్తీకం రానే వచ్చింది. మా జాడీ అడుగున ఇంత పిండీ, ఇంత నూనే, ముక్కలు ఊడిన టెంకలు రెండో మూడో మిగిలాయి. మా ఆవిడ దాన్నే వాసెన కట్టి ఒళ్ళో పెట్టుకుని దోనె ఎక్కింది. దారిపొడుగునా నేను అత్తగారికి చెప్పడానికి రకరకాల కథలు అల్లాను. దొంగలు, కోతులు, ఆవకాయ కోసం పడవేసుకు వచ్చిన ఏలూరు వైద్యుడు. మా ఆవిడ అన్నీ విని, “జరిగింది చెప్పండి చాలు,” అంది.

దెందులూరులో సావిట్లో రెండు జాడీలూ పక్కపక్కన పెట్టారు. అన్నగారు తన జాడీ మోయడానికి మనిషిని పెట్టుకున్నాడు. ఆయన నూతి దగ్గరికి పోయి స్నానం చేసి, అలవాటు ప్రకారం నీళ్ళు కారుతున్న పంచెతో వచ్చి, తన జాడీ మీదికి వంగి వాసెన విప్పాడు.

లోపల తెల్లగా, పరుపులోంచి తీసిన దూదిలా, బెత్తెడు మందాన బూజు.

ఇంకెవరైనా అయితే సిగ్గుపడేవారు. ఈయన మొహం వెలిగిపోయింది. తలుపుకేసి తిరిగి, “చూశారాండీ? నేను ముందే మనవి చేశాను. చెట్టు పని అయిపోయింది. కాయలో సారం లేదు. మేస్త్రీతో మాట్లాడే వచ్చాను,” అన్నాడు.

“మా జాడీ కూడా విప్పాలి కదండీ,” అంది మా ఆవిడ. విప్పింది. అన్నగారు తొంగి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ముక్కేదమ్మా? బూజు పడితే పారబోసి, అడుగూ బొడుగూ మిగిల్చి తెచ్చారు. ఖాళీ జాడీకి బూజెలా పడుతుంది?”

నేను వరదల సంగతి చెప్పాను. అరుగులు, లంకవాళ్ళు, కుంపటి, బుట్ట, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. ఏళ్ళతరబడి ఆ సావిట్లో చేతికర్ర చిగురించడమూ, పాదు రైలెక్కడమూ చెప్పిన నోరు అది. నేను చెబుతున్నకొద్దీ ఆ ఒక్క నిజమే అన్నిటికన్నా పెద్ద కోతలా వినిపించింది.

“కొర్రమీను కూడా వచ్చిందా తమ్ముడూ భోజనానికి?” అన్నాడు అన్నగారు. వచ్చిందని చెప్పబోయి, మా ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. ఆవిడ కళ్ళు పెరటి గుమ్మంలోంచి చెట్టుమీదే ఉన్నాయి.

అప్పుడు తలుపు రెక్క కదిలింది. అత్తగారు బయటికి వచ్చారు. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ మొహం నేను సరిగ్గా చూసింది ఆ రోజే. పొట్టి మనిషి. నేరుగా వచ్చి అన్నగారి ముందు నిలబడి, జాడీకేసి, తరవాత ఆయన పంచెకేసి, తరవాత కిందికి చూశారు. ఆయన మళ్ళీ తన జాడీ మీదికి వంగి ఉన్నాడు. పంచె కొసనుంచి టప్ టప్‌మని నీళ్ళు జాడీలోనే పడుతున్నాయి.

“ఇంట్లో కూడా ఇలాగేనా అమ్మాయ్?” అని పెద్దకూతుర్ని అడిగారు.

“రోజూ ఇంతేనమ్మా. ఆరినబట్ట మడికి పనికిరాదుట. నన్ను జాడీ ముట్టుకోనివ్వరు.”

అత్తగారు ఆయనకేసి చూసి, ఎంతో మెత్తగా, “కాస్త ఆ పంచె కొస పిండండి నాయనా. చెట్టులో సారం లేకపోయినా ఇందులో చాలా ఉన్నట్టుంది,” అన్నారు.

పిండలేదు. రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా ఓడిపోయినట్టు ఒప్పుకునే ఘటం కాదు. “సరేనండీ, నా జాడీ సంగతి వదిలేయండి. కాయ నిలిచిందని రుజువేది? వీళ్ళ జాడీలో ఏముంది గనక?” అన్నాడు.

అత్తగారు వంటింట్లోంచి పొగలు కక్కుతున్న అన్నం తెప్పించారు. మా జాడీ ముందు చతికిలబడి, అన్నం అందులోనే గుమ్మరించి, చెయ్యి మోచేతిదాకా పెట్టి అడుగూ అంచులూ తుడిచి కలిపారు. కొత్త ఆవకాయ కలిపిన రోజు ఖాళీ అయిన పళ్ళెంలో అన్నం కలిపి ఇంట్లో అందరికీ ముద్దలు పెట్టడం మా వైపు వాడుక. తొమ్మిది నెలల కింద పూసిన పూత, ఆర్నెల్ల కిందటి కారం, ఒక వరద దాటిన నూనె. సావిడి నిండా ఘాటు కమ్ముకుంది. అన్నం ఎర్రగా తిరిగింది. బూజు వాసన తగిలితే చాలు, ఆ చెట్టుకు నూకలు చెల్లినట్టే.

ముందు తాను ఒక ముద్ద నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. అత్తగారు టెంక ఒకటి తీసి పంటికింద పెట్టి కొరికి, మిగిలిన కండను వేలితో నొక్కి చూశారు. “బిగువు తగ్గలేదు,” అన్నారు. ఆ తరవాత చెయ్యి చాచమన్నారు.

అందరికంటే ముందు చాచింది మా అన్నగారే. తడిపంచె, బూజుజాడీ, మేస్త్రీ, హల్లరు, అన్నీ పక్కన పెట్టి ఒక ముద్ద తిన్నాడు. రెండోది అడిగి తిన్నాడు. మూడోది అడగకుండానే తీసుకున్నాడు. చెయ్యి నాకుతూ తలుపుకేసి తిరగబోయి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి, అత్తగారికేసి తిరిగి అన్నాడు:

“బాగానే ఉందండీ. ఉప్పు మాత్రం ఒక్క పిసరు ఎక్కువైంది.”

మా ఆవిడ నవ్వింది. ఏడాది తరవాత.

చెట్టు అక్కడే ఉంది. హల్లరు ఇంకెవరో రోడ్డవతల పెట్టారు. దాని ఊక ఎగిరివచ్చి చెట్టు మొదట్లో పడుతోంది, ఎరువుకు పనికొస్తోంది. ఏటా కాయ దింపేరోజున గూడెం వైపునుంచి వచ్చే మొదటి బండిలో దిగేది మా అన్నగారే. వాటా కోసం అందరికంటే ముందు చెట్టుకింద నిలబడతాడు, కరకరలాడేలా ఆరిన పంచె కట్టుకుని.